మీకు తెలుసా? నాలుగేళ్లు కూర్చుంటే చాలు, దిగాల్సిందే!

అమెరికా స్వాతంత్ర్య పోరు సాగుతుండగానే, 1776లో పెన్సిల్వేనియా ఒక వింత రాజ్యాంగం రాసుకుంది. రాసిన సభకు అధ్యక్షుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. దాని ప్రకారం రాష్ట్రానికి గవర్నరే లేడు. శాసనసభ ఒక్కటే, ఎగువ సభ లేదు. ఎన్నికలు ఏటా జరగాలి. ఎంత ఘనుడైనా ఏడేళ్లలో నాలుగేళ్లకు మించి సభ్యుడిగా ఉండకూడదు!

పక్కనున్న మేరీలాండ్‌లో అదే ఏడాది దిగువ సభలో కూర్చోవాలంటే 500 పౌండ్ల ఆస్తి చూపాలి, సెనేట్‌కైతే 1,000. పెన్సిల్వేనియాలో ఆ లెక్కే లేదు. పన్ను కట్టే స్వతంత్ర పురుషుడికి ఓటుండేది. సభ తలుపులు జనానికి తెరిచే ఉంచాలి. బిల్లును ముందు అచ్చేసి ఊరి ముందు పెట్టాలి. మరీ అత్యవసరమైతే తప్ప, చట్టం చేయడం తరువాతి సమావేశాల్లోనే. ఇప్పటి సభలకూ ఇది కాస్త అంటితే బాగుండును!

అయితే ఇంత ఉదార పత్రంలోనూ ఓ ముల్లుంది. సభ్యుడు బైబిల్ పాత, కొత్త నిబంధనలు రెండూ దైవప్రేరితాలని ప్రమాణం చేయాలి. అంటే యూదులకు సభలో చోటు లేనట్టే. 1783లో ఫిలడెల్ఫియా యూదులు దీనిపై అర్జీ పెట్టుకున్నారు. 1790 నాటి కొత్త రాజ్యాంగంలో ఆ ప్రమాణం పోయింది. దాంతోపాటే ఒంటి సభా పోయింది, గవర్నర్ వచ్చి కూర్చున్నాడు.