శక్కర్‌నగర్: ఒక ఫ్యాక్టరీ కథ



నిజామాబాద్ జిల్లా బోధన్ పట్టణాన్ని ఆనుకుని శక్కర్‌నగర్ ఉంది. ఉర్దూలో శక్కర్ అంటే చక్కెర. తయారయ్యే సరుకు పేరే ఊరి పేరు కావడం అరుదు. ఆ పేరు తెచ్చిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ గురించి ఈ వార్షికోత్సవ సంచికలో నాలుగు మాటలు రాయాలనుకున్నాం. మన హాస్టల్లో చదివిన ఎందరో చెరుకు కొట్టిన చేతుల పిల్లలే. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మేమే. అందుకే ఈ చరిత్ర మనది కూడా అనుకుంటున్నాం.

ముందు నీళ్ళు వచ్చాయి. మంజీరా నదిపై 1923లో మొదలైన నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. దీనికి రూపశిల్పి ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీళ్ళు పారిన చోట చెరుకు పండింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1937లో ఫ్యాక్టరీ ఏర్పడింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటని దీనికి పేరుండేది.

ఫ్యాక్టరీని చెరుకు తోటల మధ్యనే ఎందుకు కట్టారు? వడ్లయితే ఎండబెట్టి, బస్తాలకెత్తి, మంచి ధర వచ్చేదాకా దాచుకోవచ్చు. చెరుకు అలా కాదు. కొట్టిన గంట నుంచే అందులోని తీపి తగ్గుతూ ఉంటుంది. ఒక రోజులోగా గానుగాడితేనే లాభం. అందుకే రైతు కటింగ్ ఆర్డర్ వచ్చాకనే చెరుకు కొట్టించి, వెంటనే బండికెత్తి కాటాకు తోలుతాడు.

లోపల మిల్లుల్లో చెరుకును పిండి రసం తీస్తారు. సున్నంతో, గంధకం పొగతో రసంలోని మలినాలు తీసేస్తారు. తర్వాత దాన్ని కాచి, చిక్కబరిచి, పలుకు కట్టిస్తారు. వేగంగా తిరిగే యంత్రాల్లో చక్కెర ఒక పక్కకు, మొలాసిస్ ఒక పక్కకు విడిపోతాయి. టన్ను చెరుకుకు సుమారు క్వింటాలు చక్కెర వస్తుంది. మిగిలిన పిప్పి బాయిలర్లో మండి ఫ్యాక్టరీని నడుపుతుంది. మొలాసిస్ నుంచి ఆల్కహాల్ తీస్తారు. మడ్డి పొలానికి ఎరువు అవుతుంది. పారేసేది ఏదీ లేదు.

ఇంత చక్కటి ఏర్పాటు ఎలా ఆగింది? 2002లో అప్పటి ప్రభుత్వం ఫ్యాక్టరీలో 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు ఇచ్చింది. బోధన్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లూ అందులో ఉన్నాయి. 2015 డిసెంబర్ 23న మూడు చోట్లా లేఆఫ్ ప్రకటించారు. 2019లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ కంపెనీ లిక్విడేషన్‌కు ఆదేశించింది. తెరిపించే మార్గాలు చూడడానికి 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది.

మూతపడిన ఫ్యాక్టరీని చూసిన వారు, యంత్రాలు బాగు చేస్తే చాలు, మళ్ళీ నడుస్తుందనుకుంటారు. మేమూ అలాగే అనుకునేవాళ్ళం. కానీ చెరుకు చేతికి రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. వచ్చే ఏడు గానుగ ఆడుతుందన్న నమ్మకం ఉంటేనే రైతు ఈ ఏడు చెరుకు నాటుతాడు. ఆ నమ్మకం పోతే వరి వైపు మళ్ళుతాడు. ఫ్యాక్టరీ లేనిదే చెరుకు లేదు, చెరుకు లేనిదే ఫ్యాక్టరీ లేదు. మధ్యలో నలిగేది రైతు, కార్మికుడు, సీజన్ పని మీద బతికే కూలీ. కాబట్టి అక్కడ ముందుగా బాగుపడాల్సింది రైతు నమ్మకం. అది ఇనుము కంటే త్వరగా తుప్పు పడుతుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఫ్యాక్టరీ కట్టించిన వారి పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. చెరుకు కొట్టినవారి, బాయిలర్ ముందు చెమటోడ్చినవారి పేర్లు రాసినవారు తక్కువ. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ తాతను, అమ్మమ్మను ఒక పూట కూర్చోబెట్టి అడగండి. సీజన్లో కూలి ఎంత, పని ఎన్ని గంటలు, దెబ్బ తగిలితే ఎవరు చూసేవారు అని అడిగి, నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి. వాళ్ళు రాయలేకపోయారు. మనకు రాయడం వచ్చింది కదా!