బాయిలర్ మండుతున్నా వడ్లు ఎందుకు ఎండవు?

మిర్యాలగూడ దారిలో వెళ్తుంటే రైస్‌మిల్లుల పొగగొట్టాలు వరసగా కనిపిస్తాయి కదా! 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదిలాక ఇక్కడ వరి పెరిగింది, మిల్లులూ పెరిగాయి. ఉప్పుడు బియ్యం చేసే మిల్లులో బాయిలర్ ఊకను మండించి నీటిని ఆవిరి చేస్తుంది. వడ్ల పొట్టే వడ్లను ఉడికిస్తుందన్నమాట!

ఉడికిన వడ్లను ఆరబెట్టేది డ్రయ్యర్. దాని పక్కన రేడియేటర్ అనే గొట్టాల చట్రం ఉంటుంది. గొట్టాల్లో ఆవిరి తిరుగుతుంది. వాటి మీదుగా వీచే ఫ్యాను గాలి వేడెక్కి వడ్లకు తగులుతుంది.

ఒక్కోసారి మంట, ప్రెషర్ బాగానే ఉంటాయి, గాలి మాత్రం గోరువెచ్చన. ఎందుకు? ఖాళీ గ్లాసును బోర్లించి బకెట్ నీళ్ళలోకి నొక్కండి. లోపలి గాలి నీళ్ళను రానివ్వదు. గొట్టంలో చిక్కిన గాలీ ఆవిరిని అలాగే ఆపుతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు నీటిది. ఆవిరి తన వేడిలో ఎక్కువ భాగం ఇచ్చేది మళ్ళీ నీరయ్యేటప్పుడే. కిలో ఆవిరి 100 డిగ్రీల నీరవుతూ ఇచ్చే వేడి, ఆ నీరు 30 డిగ్రీలకు చల్లారుతూ ఇచ్చేదానికి ఏడు రెట్లకు పైనే! ఆ నీరు బయటికి పోకపోతే కొత్త ఆవిరికి చోటేదీ? నీటిని వదిలి ఆవిరిని ఆపే పరికరం స్టీమ్ ట్రాప్. అది మూసుకుపోయిందేమో మెకానిక్ చూస్తాడు.

అసలు ప్రెషరే రాకపోతే? ఊక తడిసి ఉండొచ్చు. లేదా బాయిలర్ గొట్టాలకు మంటవైపు మసి, నీటివైపు తెల్లటి గార పట్టి ఉండొచ్చు. అప్పుడు మంట వేడి నీటికి సరిగా చేరదు. పొగ మామూలుకన్నా వేడిగా పోతోందంటే అదే గుర్తు.