ఇసుకలో పరుగు, ఇంటివాళ్ల తోడు

ఎడారిలో రోజుల తరబడి సాగే దూరపు పరుగులు రెండు రకాలు. మొదటి రకంలో రన్నర్ తన తిండి, పడక తానే మోసుకుంటూ రోజుకొక అంచె చొప్పున పూర్తి చేస్తాడు. నిర్వాహకులు నీళ్లు, గుడారం, వైద్యం చూస్తారు. రెండో రకంలో రన్నర్ వెంట సొంత సహాయక బృందం వాహనంలో వస్తుంది. ఆ బృందంలో తరచుగా ఉండేది భార్యో భర్తో, తోబుట్టువులో, దగ్గరి స్నేహితులో.

మొదటి రకానికి పేరుపడ్డది మొరాకోలో జరిగే మారథాన్ డి సాబ్ల్. ఫ్రాన్స్‌కు చెందిన పాట్రిక్ బవర్ 1984లో సహారాలో 350 కిలోమీటర్లు 12 రోజుల్లో ఒంటరిగా దాటాడు. ఆ అనుభవంతోనే 1986లో 23 మందితో ఈ పోటీ మొదలుపెట్టాడు. దీని దూరం సుమారు 250 కిలోమీటర్లు. రెండో రకానికి ఉదాహరణ అమెరికాలోని బ్యాడ్‌వాటర్. సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన, డెత్ వ్యాలీలో మొదలై 217 కిలోమీటర్లు కొండల వైపు ఎక్కే ఈ రోడ్డు పరుగు జులై ఎండల్లో జరుగుతుంది. గడువు 48 గంటలు. దారిలో నిర్వాహకుల నీటి కేంద్రాలు ఉండవు కాబట్టి సొంత బృందం లేనివారిని పోటీకి అనుమతించరు.

రోడ్డు వదిలి ఎడారిలో పరుగెత్తేవారికి మొదటి పరీక్ష ఇసుక. గట్టి నేలతో పోలిస్తే ఇసుకలో పరుగెత్తడానికి సుమారు 1.6 రెట్లు, నడవడానికి రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుందని 1998లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. కాలు దిగబడిన ప్రతిసారీ కండరం చేసిన పనిలో కొంత ఇసుకను కదిలించడానికే పోతుంది. బూటులో దూరిన ఇసుక చర్మాన్ని ఒరుసుకుని బొబ్బలు లేపుతుంది. పాదాలు వాస్తాయి కాబట్టి కొంచెం వదులు బూట్లు, ఇసుక దూరకుండా చీలమండకు గుడ్డ తొడుగు వాడతారు.

రెండో పరీక్ష ఎండ. శరీరం చెమటను ఆవిరి చేసి చల్లబడుతుంది. శ్రమపడేవారు గంటకు లీటరుకు పైగా చెమట కోల్పోవచ్చు. దాంతోపాటే ఉప్పూ పోతుంది. ఆ లోటును ఉప్పు లేని నీళ్లతోనే అతిగా పూడ్చితే రక్తంలో సోడియం తగ్గి వాంతులు, అయోమయం, మూర్ఛ వస్తాయి. అందుకే ఓఆర్‌ఎస్, ఉప్పు కలిపిన నిమ్మరసం, మజ్జిగ, గంజి అవసరం. శరీరం వేడికి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది.

నెల్లూరు తీరం ఎడారి కాదు. కానీ ఇసుక పరుగు సాధనకు కావలసిన నేల ఇక్కడ ఉంది. ఉత్తరాన తుమ్మలపెంట నుంచి ఇసకపల్లి, రామతీర్థం, మైపాడు, కోడూరు మీదుగా కృష్ణపట్నం వరకు ఇసుక తీరం, సరుగుడు తోపులు, జాలర్లుండే పట్టపుపాళేలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అయితే తీరం వెంట ఏకధాటిగా పోవడం కుదరదు. రామతీర్థానికీ మైపాడుకూ నడుమ పెన్నా నది సముద్రంలో కలుస్తుంది. కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరు, రేవు అడ్డుపడతాయి. అక్కడ లోపలి రోడ్డుకు మళ్లాల్సిందే. కుటుంబం బండిలో ముందు వెళ్లి రోడ్డు సముద్రాన్ని తాకే ఊళ్లలో నీళ్లతో కాచుకుని ఉండొచ్చు.

ఆటు సమయంలో అలల అంచున తడి ఇసుక గట్టిగా ఉండి కాలు దిగబడదు. కానీ అది సముద్రం వైపు వాలి ఉంటుంది. ఒకే దిశలో చాలాసేపు పరుగెత్తితే మోకాలు, తుంటి మీద ఒకవైపే భారం పడుతుంది. గాలిలో తేమ మరో చిక్కు. పొడి ఎడారిలో చెమట ఇట్టే ఆరిపోతుంది. ఇక్కడ ఒంటిమీదే నిలిచిపోయి శరీరం చల్లబడదు. థర్మామీటర్ తక్కువే చూపినా ముప్పు తక్కువని అనుకోకూడదు. వేసవి వడగాడ్పులు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుఫానులు ఉంటాయి కాబట్టి జనవరి, ఫిబ్రవరి అనువైన నెలలు. ఆ రోజుల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డుకు వస్తాయి. అందువల్ల తీరం మీద పరుగును పగటికే పరిమితం చేయడం న్యాయం.

రన్నర్‌కు ఎంత సాధన ఉన్నా, అలసట ముదిరాక తన పరిస్థితిని తాను సరిగా అంచనా వేయలేడు. కుటుంబం అసలు అవసరం అక్కడే. ఎంత తాగాడు, ఏం తిన్నాడు, మూత్రం రంగు ఎలా ఉంది అన్నది రాసిపెట్టాలి. బయలుదేరే ముందు, ప్రతి మజిలీలో బరువు చూడాలి. బరువు బాగా తగ్గితే నీళ్లు చాలలేదని, పెరిగితే అతిగా తాగాడని అర్థం. పాదాలు కడిగి ఆరబెట్టి, బొబ్బ లేచే చోట ముందే టేపు వేయాలి. రాత్రి కంటినిండా నిద్ర పట్టేలా చూడాలి. మర్నాటి పరుగు దానిమీదే ఆధారపడుతుంది.

మాట తడబడటం, అడుగు తూలడం, అడిగినదానికి పొంతన లేని జవాబు వడదెబ్బ గుర్తులు. శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే ప్రాణం మీదికొస్తుంది. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు. స్పృహ సరిగా లేని మనిషికి నోట్లో నీళ్లు పోయకూడదు.

పరుగు ఎప్పుడు ఆపాలన్నది బయలుదేరకముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. ఏ గుర్తు కనిపిస్తే ఆపేయాలి, ఆ మాట ఎవరు చెబుతారు, చెప్పాక వాదన ఉండదన్న ఒప్పందం ముందే కుదరాలి. "ఇంకొక్క కిలోమీటరు" అని రన్నర్ బతిమాలినా ఆ ఒప్పందానికి కట్టుబడి నిలబడటమే కుటుంబం చేయగల అతి పెద్ద సాయం.