పొలము కర్మాగారమగుట ఎట్లు?

పటాన్‌చెరు దాపున ఒక రైతు తన ఎకరము పొలమును రసాయనముల కర్మాగారమునకు అమ్మినాడనుకొందము. నిన్నటివరకు జొన్న పండిన ఆ నేలపై రేపే పొగగొట్టము నిలువవచ్చునా? వీలులేదు. ఆ ఎకరము పెక్కు కచేరీల గడపలు త్రొక్కవలసియున్నది.

మన రాజ్యాంగమున భూమి రాష్ట్రముల జాబితాలోని విషయము. కనుక సాగుభూమిని ఇతర ఉపయోగమునకు మార్చుటకు, 2006 నాటి రాష్ట్రచట్టము ప్రకారము పన్ను చెల్లించి, రెవిన్యూ శాఖ అనుమతి పొందవలెను. పిమ్మట పటము చూడవలెను. 2008లో ఏర్పడిన హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ తన బృహత్ప్రణాళికలో ఏ నేల నివాసమునకో, ఏది పరిశ్రమకో, ఏది సేద్యమునకో రంగులు వేసి చూపినది. కట్టడమునకు అనుమతినిచ్చునది సాధారణముగా పంచాయతి లేక పురపాలక సంఘము. కాని పారిశ్రామికవాడలలో ఈ అధికారమును చాలవరకు వాడను నెలకొల్పిన రాష్ట్రసంస్థకే అప్పగించిరి. వాడను పెంచువారే వాడను అదుపు చేయువారగుట కొంత వింతయే!

ఇక పొగ, మురుగుల సంగతి. 1974 నాటి జలచట్టమును, 1981 నాటి వాయుచట్టమును చేసినది పార్లమెంటు; అమలు జరుపునది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. పెద్ద రసాయన పరిశ్రమలకు పర్యావరణ అనుమతి కూడ కావలెను.

ఇన్ని గడపలున్నను నక్కవాగు చెడిపోయినది. ఏల? ప్రతి కచేరీయు ముఖ్యముగా ఆ ఎకరమును గూర్చియే అడుగును. నేలకు హద్దురాయి కలదు, నీటికి లేదు. 1970 దశకమునుండి పెరిగిన మందుల, రసాయనముల కర్మాగారముల మురుగు వాగున పడి, దిగువ పొలములను, బావులను పాడుచేసి, మంజీర వైపు సాగినది. దిగువ రైతు ఎవరికిని భూమి అమ్మలేదు, ఏ అనుమతియు కోరలేదు; పైరు మాత్రము పోగొట్టుకొనెను. 1990లో ఈ వివాదము సుప్రీంకోర్టుకెక్కినది. రైతులకు పరిహారమిప్పింపవలసివచ్చినది. పలు కర్మాగారముల మురుగును ఒకచోట శుద్ధిచేయు కేంద్రము 1994లో పనికి వచ్చినది. 2010 జనవరిలో కేంద్ర ప్రభుత్వము దేశమున మిక్కిలి కలుషితమైన 43 ప్రాంతములలో క్రొత్త పర్యావరణ అనుమతులను తాత్కాలికముగా నిలిపినది. పటాన్‌చెరు–బొల్లారము వానిలో ఒకటి.

ఉపాధ్యాయులు తరగతిలో చేయింపదగిన పని ఒకటున్నది. గ్రామపటమును, బృహత్ప్రణాళిక పటమును ఒకే కొలతకు గీయించి, ఒకదానిపై ఒకటి పరపింపుడు. పరిశ్రమల రంగు ఏ సర్వే నంబరు వద్ద ఆగినదో, వాగు గీత అచ్చటినుండి ఎవరి పొలములలోనికి పోవుచున్నదో విద్యార్థులు తామే కనుగొందురు.