పెన్నేటి పాట: ఏటి ఒడ్డు పాఠకుడు

కావ్యాన్ని పాఠకుడు ఎలా అందుకుంటాడన్న ప్రశ్న మన అలంకారశాస్త్రానికి కొత్తది కాదు. సుమారు వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు, కావ్యాలు చదివి చదివి అద్దంలా తేటపడిన మనస్సుతో కవి వర్ణించినదానిలో లీనం కాగలిగినవాడే 'సహృదయుడు' అన్నాడు. 1967లో జర్మనీలో హాన్స్ రాబర్ట్ యాస్ అనే విమర్శకుడు, ప్రతి కాలపు పాఠకుడూ కొన్ని అంచనాలతోనే పుస్తకం తెరుస్తాడనీ, సాహిత్య చరిత్ర వాటినీ లెక్కలోకి తీసుకోవాలనీ వాదించాడు. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' దగ్గరికి వచ్చేసరికి చదువుకూ కాలానికీ తోడు పాఠకుడు పుట్టిన నేలను కూడా చేర్చుకోవలసి ఉంటుంది.

అనంతపురం జిల్లా తరిమెలలో 1915లో జన్మించి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లి, తర్వాత పత్రికా సంపాదకుడిగా పేరుపొందిన విశ్వం, 1956లో వెలువడిన ఈ కావ్యంలో, ఒకప్పుడు కలిగిన ఇంట పుట్టి పేదరికంలోకి జారిన రంగడు, అతని భార్య గంగమ్మల కథగా రాయలసీమ కరువును చెప్పాడు.

కావ్యానికి పేరిచ్చిన ఏరు పెన్న నంది కొండల్లో పుట్టి, హిందూపురం సీమలో ఆంధ్రదేశంలో అడుగుపెట్టి, జయమంగళిని తనలో కలుపుకుని పరిగి ప్రాంతం మీదుగా సాగుతుంది. నిండు గోదావరిని చూస్తూ పెరిగిన పాఠకుడికి ఏరు అనగానే నీళ్లే తోస్తాయి గనుక, ఎండిన పెన్న అతనికి కవి కల్పించిన విషాద ప్రతీకగా కనిపించవచ్చు. ఏటా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే చోట, ఇసుకలో చెలిమ తవ్వి నీళ్లు తోడుకున్నవారికీ, పరిగి చెరువు మరవ పోయిన ఏడాదిని, అంటే చెరువు నిండి మిగులు నీరు పొర్లిన ఏడాదిని, గుర్తుపెట్టుకునేవారికీ అది ప్రతీక కాదు, రోజూ కళ్లెదుట ఉన్న ఇసుకే. అందువల్ల వారి చూపు ఏటి మీద ఆగకుండా రంగడి కూలి మీదికీ, గంగమ్మ ఆకలి మీదికీ పోతుంది. కావ్యం గుండె ఉన్నది అక్కడే గనుక ఈ రెండో పఠనమే దానికి దగ్గరిది. అయితే పెనుకొండ కోట నీడన చదివేవారికి విజయనగర వైభవ స్మరణలో మునిగి ఆ ఆకలిని దాటిపోయే ప్రమాదమూ లేకపోలేదు.

ఇటువంటి పఠనాలు మాటల్లోనే మిగిలిపోతున్నాయి. పరిగి, పెనుకొండ, ధర్మవరం పాఠకులు ఈ కావ్యాన్ని మళ్లీ చదివి, తమకు తోచినది తమ మాటల్లోనే రాసి పత్రికలకు పంపాలి.