పరదేశపు మూలికలకు చలికాలపు రక్షణ

దగ్గు, జలుబు ఇంటింటా వ్యాపించేది పుష్యమాసంలో. వాటికి పనికివచ్చే వామాకు మొక్క మొదలు కుళ్ళి ఒరిగిపోయేదీ ఆ మాసంలోనే. అవసరమైన వేళకు అందని ఔషధం ఇంట ఉన్నా లేనట్టే. కనుక పెరటి వైద్యంలో మొక్కను నాటడం సగం పని మాత్రమే. దానిని చలికాలం దాటించడం మిగిలిన సగం. నర్సీపట్నంలో మూలికల పెరడు పెంచుతూ నేను గ్రహించిన విషయాలను పాఠకుల ముందు ఉంచుతున్నాను.

చంపేది చలి కాదు, చెమ్మ

నర్సీపట్నం తూర్పు కనుమల పాదాన ఉన్నది. ఇక్కడినుండి చింతపల్లి వెళ్ళే ఘాటు రోడ్డున పైకి ఎక్కితే సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున లంబసింగి వస్తుంది. ఆ ఊరికి కొర్రబయలు అని మరొక పేరు. ఆరుబయట ఉన్నవాడు కొర్రవలె బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. అక్కడ కొన్ని సంవత్సరాలలో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరిదాపులకు దిగుతుంది.

కొండ దిగువన మాకు అంతటి చలి లేదు. అయితే చలికి ముందే, ఆశ్వయుజ కార్తీకాలలో, తుపాను వర్షాలు నేలను నానబెట్టి వెళతాయి. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ వంటి తుపానులు వచ్చే కాలమది. ఆ తడి ఆరకముందే మంచు ఆరంభమవుతుంది. చల్లదనంలో మొక్క నీరు పీల్చడం తగ్గిస్తుంది. ఎండ పలచబడి నేల ఆరడమూ మందగిస్తుంది. గాలి ఆడని మట్టిలో వేళ్ళు నీరసించి కుళ్ళు తెగులుకు లోనవుతాయి.

మన పెద్దలు తులసిని ఎత్తైన కోటలో నిలిపారు. అందులో పూజాభావమే ప్రధానమైనా, నీరు నిలువని ఆ ఎత్తు మొక్కకు ఎంతో మేలు చేస్తుంది. పరదేశపు మూలికలకు కూడా అటువంటి ఎత్తు, ఆరిన వేరు ముఖ్యం.

మొక్క పుట్టినిల్లు తెలుసుకోవాలి

వామాకు (కర్పూరవల్లి): దీనిని మన మొక్కగానే భావిస్తాము కాని, దీని జన్మస్థానం ఆఫ్రికా ఖండపు తూర్పు, దక్షిణ భాగాలు. వాము పండే మొక్క వేరు; వాసన పోలికవల్ల ఈ పేరు వచ్చినది. ఆకు, కాండం రసంతో నిండి ఉండడంవల్ల అధిక తడికి త్వరగా కుళ్ళుతుంది. భాద్రపదంలోనే నాలుగంగుళాల కొమ్మలు మూడు నాలుగు తుంచి, ఒక పూట నీడన ఆరనిచ్చి, ఇసుక కలిపిన కుండీలో నాటి చూరు క్రింద ఉంచాలి. తల్లి మొక్క పోయినా పిల్ల మొక్క పుష్యానికి ఆకు ఇస్తుంది.

కలబంద: ఆయుర్వేదంలో కుమారి అని ప్రసిద్ధి పొందిన ఈ మొక్క స్వస్థలం అరేబియా ద్వీపకల్పం. నీటిని ఆకులోనే దాచుకుంటుంది. చలికాలంలో రెండు మూడు వారాలకు ఒకసారి తడిపితే చాలును. మట్టి పూర్తిగా ఆరనిదే నీరు పోయరాదు.

రోజ్‌మెరీ: మధ్యధరా సముద్ర తీరపు రాతినేలల మొక్క. మా చలి దీనికి హాయి, గండమంతా వర్షాకాలంలోనే. కనుక శ్రావణం నుండి కార్తీకం వరకు వాన తగలని చోట ఉంచి, తరువాత ఎండలోకి మార్చాలి.

సీమచేమంతి (కామొమైల్): ఇది ఏకవార్షికం. కార్తీకంలో విత్తితే చలికాలమే దీనికి పెరిగే కాలం. ఎండలు ముదిరేలోగా పువ్వులు కోసి నీడన ఎండబెట్టుకోవాలి.

కొండమీది పాఠం

మా మన్యంలో కాఫీ తోటలు చూసినవారికి ఒక సంగతి తెలుస్తుంది. ఇథియోపియా అడవులలో పుట్టిన కాఫీ, ఆస్ట్రేలియానుండి వచ్చిన సిల్వర్ ఓక్ నీడన పెరుగుతున్నది. నిర్మలమైన రాత్రివేళ నేలలోని వేడి ఆకాశంలోకి పోతుంది. చెట్టు గొడుగు దానిని కొంత నిలుపుతుంది. ఇంటి చూరు చేసే పనీ అదే. లంబసింగి స్ట్రాబెరీ మళ్ళలో పాలిథీన్ పట్టా పరచడంవల్ల కాయకు తడిమట్టి సోకదు.

పాటించవలసిన పద్ధతులు

1. తోటమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలపాలి. కలబందకు ఇసుక రెండు పాళ్ళు వేయాలి.

2. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోకుండా పెంకు ముక్క వేసి, కుండీని రెండు ఇటుకల మీద నిలపాలి. పళ్ళెంలో నీరు నిలువరాదు.

3. మట్టిలో వేలి మొదటి కణుపు వరకు దించి చూచి, తడి తగిలితే నీరు పోయకూడదు. పోయవలసి వస్తే మంచు విడిన తరువాత, ఉదయం పూట మొదట్లో పోయాలి. ఆకులు తడపరాదు.

4. చలిగాలి వచ్చే వైపు తాటాకు తడిక కట్టాలి. రాత్రి గోనెపట్టా కప్పితే సూర్యోదయం కాగానే తీసివేయాలి. లేనియెడల లోపలి చెమ్మే హాని చేస్తుంది.

5. పండిన, కుళ్ళిన ఆకులను వెంటనే తొలగించాలి. చలికాలంలో ఎరువు వేయనక్కరలేదు.

వాడకంలో జాగ్రత్తలు

సాధారణ జలుబు, దగ్గులకు రెండు మూడు వామాకులు కడిగి, సన్నని సెగపై వాడ్చి, పిండిన రసాన్ని చెంచాడు తేనెతో పుచ్చుకోవడం మన ఇళ్ళలోని ఆచారం. సంవత్సరం నిండని శిశువులకు తేనె ఇవ్వరాదు. కలబంద కోసినపుడు కారే పసుపుపచ్చని పాలు విరేచనకారి, దానిని కడిగివేయాలి. గర్భిణులు కలబందను లోపలికి పుచ్చుకొనరాదు. చేమంతి జాతి పువ్వులు పడనివారు సీమచేమంతి కషాయం త్రాగరాదు.

దగ్గు రెండు వారాలు దాటినా, ఆయాసం, జ్వరం, రక్తం కనిపించినా పెరటి మొక్కను నమ్ముకొని కాలయాపన చేయక, క్షయ పరీక్షకై వెంటనే ప్రభుత్వ వైద్యశాలకు వెళ్ళాలి. పెరటి మందు చిన్న బాధలకు తోడు మాత్రమే. ఆ తోడు పుష్యమాసంలో చేతికి అందాలంటే, భాద్రపదంలోనే ఒక కొమ్మ నాటి చూరు క్రింద ఉంచుకోవాలి.