గేరు బాక్సు విప్పితే తగాదాయే!
షెడ్డులో ట్రాక్టరు - గట్టు మీద రైతు

గుడివాడ: ప్రకాశం బ్యారేజి నుంచి కాలువలకు నీళ్ళు వదిలారంటే కృష్ణా డెల్టా రైతుకు కాలు నిలవదు. నారు ముదురుతూ ఉంటుంది. ఊడ్పు ముఠాలు రోజు చెప్పమని తొందర పెడతాయి. ఆ లోపల పొలం దమ్ము చేసి పెట్టాలి. సరిగ్గా ఆ వారంలోనే ట్రాక్టరు మొరాయిస్తుంది. రెండో గేరు వేస్తే దానంతట అదే ఊడి న్యూట్రల్‌కు వచ్చేస్తుంది. క్లచ్చి తొక్కినా కటకటమని చప్పుడు. మడి మధ్యలో బండి ఆగిపోతుంది.

అక్కడి నుంచి కథ షెడ్డుకు మారుతుంది. ఆ షెడ్డు ఊరి సెంటరులో రేకుల పందిరి కావచ్చు. పామర్రు, కైకలూరు రోడ్ల పక్కన పాతకాపు మేస్త్రీ దుకాణం కావచ్చు. పని పెద్దదయితే విజయవాడ ఆటోనగరు దాకా పోవచ్చు. ఎక్కడికి పోయినా గేరు బాక్సు పని టైరు పంక్చరు లాంటిది కాదు. బండిని నడిమికి విడదీయాలి. ఇంజను ఒక పక్క, వెనక భాగం ఒక పక్క దుంగల మీద నిలబెడతారు. ఒకసారి అలా విడిపోయాక రైతు ఇష్టం లేదన్నా వేరే షెడ్డుకు తోలుకుపోలేడు. తగాదాలకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

"చెప్పిందానికి రెండింతలు అడుగుతున్నారు మేస్త్రీ గారూ, ఇదేం న్యాయం?" అని రైతు.

"విప్పకముందు నాకేం తెలుసు బాబాయ్? లోపల పళ్ళన్నీ అరిగిపోయి ఉన్నాయి. చూడు" అని మేస్త్రీ.

సీజనులో ఏ షెడ్డు ముందు నిలబడినా ఈ మాటలే వినబడతాయి. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంతో తేల్చడానికి కాగితం మాత్రం ఒక్కటీ ఉండదు.

లోపల జరిగేది ఏమిటి?

గేరు బాక్సు ఊరికే పాడు కాదు. మెట్ట దుక్కిలో ఏళ్ళ తరబడి నడిచే బండి కూడా దమ్ములో తొందరగా చెడుతుంది. ఇనుప చక్రాలు తగిలించి ఇరుసు ఎత్తు బురద నీళ్ళలో తిప్పుతారు. ఆయిలు సీళ్ళు అరిగి ఉంటే ఆ నీళ్ళు లోపలికి చేరతాయి. గేరు ఆయిలులో నీళ్ళు కలిస్తే అది మజ్జిగలా తెల్లబడుతుంది. జిగట పోతుంది. బేరింగులు తుప్పు పడతాయి. పళ్ళ మీద పొర లేచిపోతుంది. చాలా రకాల ట్రాక్టర్లలో గేర్లకూ హైడ్రాలిక్సుకూ ఒకే ఆయిలు. అది మార్చాలంటే డబ్బాల కొద్దీ కావాలి. ఖర్చు చూసి "ఈ కారు కానిద్దాం" అని వాయిదా వేసే వారే ఎక్కువ. దానికి తోడు క్లచ్చి పెడలు మీద కాలు ఆనించి తోలే డ్రైవరు దొరికితే చెప్పనే అక్కర లేదు. క్లచ్చి ప్లేటు అరిగిపోతుంది. క్లచ్చి పూర్తిగా విడవకుండానే గేర్లు మార్చడంతో పళ్ళ అంచులు చెక్కుకుపోతాయి.

ఇక బాగు చేయడంలో ఉన్న చిక్కు మరొకటి. గేర్లు జతగా పని చేస్తాయి. ఒక గేరు పళ్ళు పోతే దానికి ఎదురు తిరిగే గేరు కూడా ఎంతో కొంత అరిగే ఉంటుంది. కొత్త పన్నుకూ పాత పన్నుకూ పొత్తు కుదరదు. కూత పెడుతుంది. షాఫ్టు బేరింగు వదులయి ఉంటే షాఫ్టు తిన్నగా తిరగదు. ఆ బేరింగు మార్చకుండా ఎంత ఖరీదు పెట్టి కంపెనీ గేరు వేసినా కొద్ది రోజులకే పన్ను విరుగుతుంది. ఈ సంగతి మేస్త్రీకి తెలుసు. రైతు దగ్గర డబ్బు లేదు. "విరిగినదొక్కటే మార్చండి, మిగతావి పంట వచ్చాక చూద్దాం" అంటాడు. మేస్త్రీ సరేనంటాడు. పది రోజులకు బండి మళ్ళీ షెడ్డుకు వస్తుంది. అప్పుడు తప్పు ఎవరిది?

మేస్త్రీ "ముందే చెప్పాను" అంటాడు. రైతు "చెప్పలేదు" అంటాడు. విన్నవాళ్ళు ఎవరూ ఉండరు. ఉన్నా షెడ్డులో పని నేర్చుకునే కుర్రవాళ్ళే. వారు యజమానికి ఎదురు సాక్ష్యం చెబుతారా?

పాత సామాను గోనె సంచి

రైతుల నుంచి వినబడే అనుమానాలలో పెద్దది సామాను గురించి. కంపెనీ సామాను అని డబ్బు తీసుకుని డూప్లికేటు వేశారని, పాత బండిలో ఊడదీసిన గేరును కడిగి వేశారని, బాగున్న బేరింగును తీసి ఉంచుకున్నారని. ఇందులో ఎంత నిజమో ఒక్కొక్క కేసును బట్టి ఉంటుంది గాని, అనుమానానికి తావు ఇస్తున్నది మాత్రం పద్ధతి లేకపోవడమే. బేరింగు అట్టపెట్టె, గేరు మీద పార్టు నంబరు, సామాను కొట్టు బిల్లు - ఈ మూడూ అడిగి చూసుకునే రైతు ఎందరు? తీసేసిన పాత సామాను గోనె సంచిలో కట్టి ఇమ్మంటే కాదనే షెడ్డు తక్కువ. అడిగేవారే లేరు. ఆ సంచి ఇంటికి వస్తే ఏది మార్చారో, ఏది మార్చలేదో మరో మేస్త్రీకి చూపించుకోవచ్చు. ఇనుప కొట్టుకు వేస్తే నాలుగు రూపాయలూ వస్తాయి. అది వేరే మాట.

సామాను రైతే స్వయంగా కొని తెచ్చి ఇస్తే అనుమానం ఉండదు కదా అనవచ్చు. నిజమే. కాని అప్పుడు బండి చెడితే "నువ్వు తెచ్చిన సామాను నాసి" అని మేస్త్రీ తప్పుకుంటాడు. "నీ బిగింపు సరిగా లేదు" అని కొట్టువాడు తప్పుకుంటాడు. రైతు ఇద్దరి మధ్యా తిరుగుతాడు. కంపెనీ గడువు ఇంకా తీరని కొత్త బండి అయితే బయటి షెడ్డులో విప్పించక ముందే ఆలోచించుకోవాలి. బయట చెయ్యి పడింది కాబట్టి గ్యారంటీ చెల్లదని కంపెనీవారు అనే అవకాశం ఉంది.

మేస్త్రీల గోడు

షెడ్డు వారి వైపు న్యాయం లేదనడం సరి కాదు. దమ్ముల కాలంలో రాత్రి పగలు పని. అందరికీ రేపటికే కావాలి. సామాను కొట్టుకు నగదు కట్టాలి. లేతు పనికి నగదు ఇవ్వాలి. రైతు మాత్రం "పంట చేతికి రాగానే" అంటాడు. పంట వస్తుంది, వడ్లు అమ్ముతాడు, ఆ పక్కనే సహకార సంఘం బాకీ, ఫైనాన్సు కిస్తీ కాచుకుని ఉంటాయి. మేస్త్రీ వంతు చివరికి పోతుంది. ఒకసారి అలా దెబ్బతిన్న మేస్త్రీ రెండోసారి డబ్బు చేతిలో పడందే బండి వదలడు. "బండి వెళ్ళిపోయాక నా డబ్బు ఎవరిస్తారు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమే.

అలా బండిని ఆపి ఉంచే హక్కు మేస్త్రీకి ఉందా? రైతులలో చాలామంది లేదనుకుంటారు. ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, తన పనితనం పెట్టి ఒక వస్తువును బాగు చేసినవాడు ఆ పనికి రావలసిన సొమ్ము ముట్టేదాకా దానిని తన దగ్గర ఉంచుకోవచ్చు. అయితే హద్దులున్నాయి. పని ఒప్పుకున్న ప్రకారం పూర్తి చేసి ఉండాలి. ఆ పని బాకీకే ఆపాలి గాని నిరుడు చేసిన పని బాకీ చూపించి ఈ ఏడు బండి ఆపడానికి ఈ సెక్షన్ పనికిరాదు. బండిని అమ్ముకునే హక్కు కూడా ఇది ఇవ్వదు.

అసలు సంగతి మరొకటి ఉంది. ఈ సెక్షన్ కింద చట్టమే రెండు ఉదాహరణలు చెప్పింది. ఒకటి, సానబట్టడానికి వజ్రం తీసుకున్న నగల పనివాడు. కూలి ఇచ్చేదాకా వజ్రం ఉంచుకోవచ్చు. రెండోది, కోటు కుట్టడానికి గుడ్డ తీసుకున్న దర్జీ. కుట్టడం అవగానే కోటు ఇస్తానని, డబ్బుకు మూడు నెలలు గడువిస్తానని ఒప్పుకున్నాడు. అలాంటి దర్జీకి కోటు ఆపే హక్కు లేదు. మన పల్లెల్లో "పంట వచ్చాక ఇద్దువుగాని, తీసుకుపో" అని మేస్త్రీ ముందు ఒప్పుకుంటే అతనూ ఈ దర్జీ లాంటివాడే. తరువాత మనసు మారి బండి ఆపితే చట్టం అతని వైపు ఉండదు. కాని ఆ ఒప్పుకోలు నోటి మాటగా ఉన్నంతకాలం రుజువు చేయడం ఎలా? చీటీ మీద ఒక్క వాక్యం, ఒక తేదీ, ఒక సంతకం ఉంటే చాలు.

బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళు దానిని తన సొంత వస్తువులా జాగ్రత్తగా చూసే బాధ్యత కూడా మేస్త్రీ మీదనే ఉంది. బ్యాటరీ పోయింది, డీజిలు పోయింది అంటే "నాకేం తెలుసు" అనడానికి అదే చట్టం 151వ సెక్షన్ ఒప్పుకోదు. కాబట్టి బండి వదిలేటప్పుడే బ్యాటరీ, పనిముట్లు, టైర్లు ఏమేమి ఉన్నాయో రాయించుకోవడం మంచిది.

వినియోగదారుల కమిషన్

మాటల్లో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 1986లో మొదటి చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019 నాటి చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. కొత్త చట్టంలో పల్లెవారికి కలిసి వచ్చే మార్పు ఒకటుంది. ఇదివరకు ఎదుటి పక్షం ఉన్న చోటనో, తగాదా పుట్టిన చోటనో ఫిర్యాదు చేయవలసి వచ్చేది. ఇప్పుడు ఫిర్యాదీ నివాసం ఉన్న జిల్లాలోనే వేయవచ్చు. పొరుగు జిల్లా షెడ్డులో పని చేయించినా సొంత జిల్లా కమిషన్‌కే వెళ్ళవచ్చన్న మాట. పని కోసం చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. ప్లీడరు తప్పనిసరి కాదు. గొడవ పుట్టిన నాటి నుంచి రెండేళ్ళలోపు వేయాలి. నోటీసు అందిన షెడ్డు యజమాని 30 రోజుల్లో జవాబివ్వాలి. కమిషన్ మరో 15 రోజులు మాత్రం పొడిగించగలదు. ఎలా వేయాలో తెలియని వారు 1915 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. "మా షెడ్డులో బిల్లులుండవు" అన్న మాట షెడ్డు వారికే ఎదురు తిరుగుతుంది.

అయితే ట్రాక్టరు ఉన్న ప్రతివారూ వినియోగదారు అవుతారా అన్న పేచీ రావచ్చు. వ్యాపారం కోసం పొందిన సేవకు ఈ చట్టం వర్తించదు. కాని బతుకుతెరువు కోసం స్వయంగా పని చేసుకునేవారికి మినహాయింపు ఉంది. 1995లో సుప్రీంకోర్టు లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో దీనిని వివరించింది. కారు కొని స్వయంగా టాక్సీ నడుపుకునేవాడు వినియోగదారుడే. సొంత చేలో దున్నుకుంటూ, ఖాళీ ఉన్నప్పుడు ఇరుగు పొరుగుకు దమ్ము చేసిపెట్టే రైతుకు ఇబ్బంది ఉండకపోవచ్చు. నాలుగు ట్రాక్టర్లు పెట్టి డ్రైవర్లతో కిరాయికి తిప్పే ఆసామికి మాత్రం ఎదుటి ప్లీడరు ఈ మాట అడ్డం వేస్తాడు.

రుజువు భారం ఫిర్యాదీదే. సేవలో లోపం ఉందని చూపవలసింది ఫిర్యాదు చేసినవారేనని 2021లో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది. కాబట్టి బండి రెండోసారి చెడినప్పుడు కోపంతో అప్పటికప్పుడు వేరే షెడ్డుకు తోలి విప్పించేస్తే కేసు సగం పోయినట్టే. ముందు మొదటి మేస్త్రీకి రాతపూర్వకంగా తెలపాలి. పోస్టు రశీదు దాచుకోవాలి. ఆయన రాకపోతే, విప్పేటప్పుడు ఊరి పెద్దలు ఇద్దరిని నిలబెట్టుకుని, ఫోటోలు తీసి, విప్పిన మేస్త్రీ చేత ఏది ఎందుకు విరిగిందో రాయించుకోవాలి. ఆయిలు తెల్లబడి ఉంటే అదీ రాయాలి, అది తనకు నష్టమైనా సరే. దాచిపెట్టి కమిషన్ ముందు బయటపడితే మిగతా మాటలకు కూడా విలువ పోతుంది.

అన్నీ ఉన్నా కేసు తేలడానికి వ్యవధి పడుతుంది. పరీక్షలు అవసరం లేని ఫిర్యాదును మూడు నెలల్లో, సరుకును పరీక్షకు పంపవలసినదాన్ని అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటోంది. నారు అయిదు నెలలు ఆగదు. అందుకే ఫిర్యాదుతో పాటే, కేసు తేలేలోగా బండి విడిపించమని మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. ఇవ్వడం, ఇవ్వకపోవడం కమిషన్ ఇష్టం. వివాదంలో ఉన్న సొమ్ములో కొంత కడతానని ముందుకు వస్తే అడగడానికి ముఖం ఉంటుంది. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మధ్యవర్తి దగ్గర రాజీ చేసుకునే ఏర్పాటు కూడా ఈ చట్టంలో ఉంది.

ఈలోగా దమ్ము ఆగకూడదు గనుక రైతు ఎవరి ట్రాక్టరో కిరాయికి మాట్లాడుకుంటాడు. ఎకరానికి ఎంత, ఏ తేదీన, ఎన్ని ఎకరాలు అన్నది ఆ ట్రాక్టరు ఆసామి చేత రాయించుకుంటే, నష్టపరిహారం అడిగేటప్పుడు ఆ చీటీలను కూడా ఫిర్యాదుకు జత చేయవచ్చు.